జిల్లా కంట్రోల్ రూమా, ఢిల్లీ మంత్రిత్వ శాఖా? ప్రజాభద్రత సమాచార వ్యవస్థలు, సైబర్ విధాన రంగాల్లో ఇంటర్న్‌షిప్ ఎంపిక

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్య ప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, వేసవి ఇంటర్న్‌షిప్, సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ చదువులో భాగమయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థుల్లో చాలామంది ఎవరికో కొంత డబ్బు కట్టి, ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకొని ఈ తంతు ముగిస్తున్నారు. అయితే తుఫాను హెచ్చరికలు జనానికి ఎలా చేరుతాయి, అత్యవసర నంబరు 112కో, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కో ఫోన్ చేస్తే అవతల ఏం జరుగుతుంది, సైబర్ దాడి జరిగిన సంస్థ ఎవరికి ఎంత సమయంలో చెప్పాలి అన్న విషయాల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు కూడా ప్రతి కళాశాలలో కొందరుంటారు. వారి ముందున్న దారులు ఒకదానితో ఒకటి పోలికే లేనంత భిన్నమైనవి. కలెక్టరేట్‌లో ఉచితంగా పనిచేయడమా, ఢిల్లీలో స్టైపెండ్ తీసుకుంటూ ముసాయిదాలు చదవడమా అన్నది తేల్చుకోవలసిన విద్యార్థి కోసం ఈ వ్యాసం.

ముందు ఏ కొలమానాలు

మొదటిది పని స్వభావం. ప్రజాభద్రత సమాచార వ్యవస్థ అంటే హెచ్చరికను పంపే యంత్రాంగం, ఆపదలో ఉన్నవారి పిలుపును అందుకునే యంత్రాంగం. అక్కడ పని షిఫ్టుల మీద, ఫోన్ల మీద, రిజిస్టర్ల మీద నడుస్తుంది. సైబర్ విధానం అంటే చట్టాలు, నిబంధనలు, వాటిపై వచ్చిన అభ్యంతరాలు, పై అధికారికి పెట్టే నోట్లు. అక్కడ పనంతా చదవడం, రాయడమే. సైబర్ అనే మాట చూసి హ్యాకింగ్ నేర్పుతారనే ఆశతో విధాన విభాగంలో చేరిన బీటెక్ విద్యార్థికి మొదటి రెండు వారాల్లోనే విసుగు పుడుతుంది. రాయడం ఇష్టపడే న్యాయ విద్యార్థిని కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టినా ఫలితం అంతే.

రెండోది అర్హత, మూడోది ఖర్చు. ఈ రెండింటి గురించి అందరూ అడుగుతారు కనుక కింది పట్టికలో చూపాను. నాలుగోది కాలం, అంటే మీరు ఏ నెలల్లో అక్కడ ఉంటారన్నది. దీన్ని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ మన జిల్లాల విషయంలో ఇదే సగం నిర్ణయిస్తుంది.

ఐదోది, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది, బయటికి తెచ్చుకోగలిగిన పని. భద్రతకు సంబంధించిన కార్యాలయాల్లో కాగితాలు బయటికి రావు. రెండు నెలలు కష్టపడి చేసిన నోట్‌ను తర్వాతి దరఖాస్తుకు జతచేయలేకపోతే మీ చేతిలో మిగిలేది పేరు, తేదీలు, ఒక సంతకం మాత్రమే. కాబట్టి గేటు మీద ఏ బోర్డు ఉందో చూసే ముందు, అక్కడి నుంచి మీ పేరుతో ఏ పని బయటికి తీసుకురాగలరో అడగండి.

| ఎక్కడ | పని ఏ వైపు | అర్హత | స్టైపెండ్ | కాలం | చూపించుకోగలిగినది |
|---|---|---|---|---|---|
| కలెక్టరేట్ విపత్తు నిర్వహణ విభాగం | హెచ్చరికల చేరవేత | కళాశాల లేఖ, అధికారి అంగీకారం | లేదు | జూలై–నవంబరు మేలు | క్షేత్ర నివేదిక, మీ పేరుతోనే |
| ఎస్పీ కార్యాలయం, సైబర్ విభాగం | ఫిర్యాదులు, అవగాహన | కళాశాల లేఖ, అధికారి అంగీకారం | లేదు | ఎప్పుడైనా | అవగాహన సామగ్రి |
| రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, ఆర్టీజీఎస్ (రాష్ట్ర ప్రభుత్వ రియల్ టైమ్ గవర్నెన్స్ విభాగం) | హెచ్చరికలు, డేటా | కళాశాల ద్వారా అభ్యర్థన | ఆశించవద్దు | వేసవి లేదా తుఫానుల కాలం | డేటా విశ్లేషణ, అనుమతితో |
| డిజిటల్ ఇండియా ఇంటర్న్‌షిప్, ఢిల్లీ | చట్టం, విధానం, సాంకేతికం | చివరి అర్హత పరీక్షలో 60 శాతం | నెలకు రూ.10,000 | సుమారు 2 నెలలు | సమర్పించిన నివేదిక |
| నీతి ఆయోగ్ | విధానం | డిగ్రీ వారికి 4వ సెమిస్టర్ పూర్తి, 12వ తరగతిలో 85 శాతం | లేదు | 6 వారాల నుంచి 6 నెలలు | అధ్యయన పత్రం |
| విదేశాంగ శాఖ | అంతర్జాతీయ విధానం | పట్టభద్రులు, చివరి సంవత్సరం వారు | నెలకు రూ.10,000 | ఏడాదికి రెండు విడతలు | దాదాపు ఏమీ బయటికి రాదు |

జిల్లా కేంద్రంలో: చిన్న కార్యాలయం, పెద్ద పని

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. ఇక్కడ ఇంటర్న్‌షిప్‌కు ప్రత్యేక పథకం, పోర్టల్ అంటూ ఉండవు. ప్రిన్సిపాల్ లేఖతో వెళ్లి అధికారిని ఒప్పించాలి. ఈ కారణంగానే చాలామంది ఇటు చూడరు. కానీ హెచ్చరికల వ్యవస్థను మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఒకే చోట నుంచి గమనించగల అవకాశం ఢిల్లీలో కాదు, ఇక్కడే ఉంది.

ఒక తుఫాను హెచ్చరిక ప్రయాణాన్నే తీసుకోండి. విశాఖపట్నంలోని వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ఇస్తుంది. అది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు, కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి తహసీల్దార్లకు, గ్రామ సచివాలయాలకు, చివరికి దండోరా వేసే మనిషికి చేరుతుంది. మరో పక్క కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన సచేత్ వేదిక ద్వారా ఎంచుకున్న ప్రాంతంలోని ఫోన్లకు మాత్రమే సందేశం వెళుతుంది. కళింగపట్నం, భీమునిపట్నం పోర్టుల్లో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగురవేయడం ఇంకో దారి. ఇంటర్న్ చేయగల పని ఏమిటంటే, ఒకే బులెటిన్‌ను పట్టుకొని అది వెలువడిన సమయం, కలెక్టరేట్‌కు మెయిల్ చేరిన సమయం, మండల వాట్సాప్ గ్రూపులో పడిన సమయం, రేవులోని మత్స్యకారుడు మొదట విన్న సమయం వరుసగా ఒక కాగితం మీద రాయడం. ఎక్కడ గంటలు పోయాయో ఆ కాగితమే చెబుతుంది. సందేశంలో గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయో ఉంటుంది. పడవ మీదున్న మనిషికి కావలసింది ఏ పూటలోగా ఒడ్డుకు రావాలన్నది. ఈ తేడాను పది మంది మత్స్యకారులతో మాట్లాడి నమోదు చేసిన నివేదికలో రహస్యం ఏమీ ఉండదు కనుక, అది మీ పేరుతోనే మీ దగ్గర ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊపేసినప్పుడూ ముందుగా కూలినవాటిలో కరెంటు, ఫోన్ టవర్లు ఉన్నాయి. హుద్‌హుద్ తర్వాత సమాచారం అందించడంలో హామ్ రేడియో (ఔత్సాహికులు సొంతంగా నడిపే రేడియో) వారు సాయపడ్డారు. ఉద్దానంలో తిత్లీ అనుభవించిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. టవర్ పనిచేయని మొదటి రోజుల్లో ఊళ్లోకి వార్త ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవారిని అడిగి రాసుకున్నా, ఏ మంత్రిత్వ శాఖ ఇంటర్న్‌కూ దొరకని సమాచారం అది.

కాలం సంగతి ఇక్కడే చెప్పాలి. వేసవి ఇంటర్న్‌షిప్ మే, జూన్ నెలల్లో పడుతుంది. అప్పుడు కనిపించేవి వడగాలులు, పిడుగుల హెచ్చరికలు. వంశధార, నాగావళి వరదలు, అక్టోబరు తుఫానులు చూడాలంటే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను జూలై–నవంబరు మధ్య ఉండేలా కళాశాలతో మాట్లాడుకోవాలి. జనవరిలో కంట్రోల్ రూమ్‌లో చేరినవారు ఖాళీ కుర్చీలనే ఎక్కువగా చూస్తారు.

లోపాలూ ఉన్నాయి. పర్యవేక్షించే అధికారికి తీరిక ఉండదు, బదిలీ అయితే మీ పని మధ్యలో ఆగుతుంది, ఇచ్చే సర్టిఫికెట్ రెండు వాక్యాలకు మించదు. ఎవరూ పని చెప్పకపోయినా తానే పని వెతుక్కోగల విద్యార్థికి మాత్రమే ఇది తగినది.

ఎస్పీ కార్యాలయంలోని సైబర్ విభాగం సంగతి కొంత వేరు. అక్కడ బాధితుల వివరాలు, దర్యాప్తు కాగితాలు ఉంటాయి కాబట్టి ఇంటర్న్‌ను వాటి దగ్గరికి రానివ్వరు, రానివ్వకపోవడమే న్యాయం. మీకు దొరికేది అవగాహన పని. అది చిన్నదేమీ కాదు. 1930కి ఫోన్ చేసినప్పుడు అడిగేవి ఏ బ్యాంకు, ఎంత మొత్తం, ఏ రోజు ఏ సమయం, లావాదేవీ నంబరు ఎంత అన్నవి. యూపీఐ అయితే ఆ నంబరు 12 అంకెలు. డబ్బు పోయిన కంగారులో ఉన్న మనిషి ఆ 12 అంకెలను ఫోన్‌లో ఎక్కడ వెతకాలో తెలియక నిమిషాలు పోగొట్టుకుంటే, ఆలోపు డబ్బు మరో ఖాతాకు మారిపోతుంది. ఆ అంకెలు ఏ యాప్‌లో ఏ తెరమీద ఉంటాయో చూపే ఒక పేజీ తెలుగు కరపత్రం తయారుచేసి, సంతలోనో సచివాలయంలోనో పంచి, చదివినవారు నిజంగా నంబరు వెతకగలిగారో లేదో పరీక్షించి రాస్తే, సర్టిఫికెట్ కంటే ఆ కరపత్రమే మీ తరఫున మాట్లాడుతుంది.

రాష్ట్ర స్థాయిలో

తాడేపల్లి ప్రాంతంలోని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ, వెలగపూడి సచివాలయంలోని ఆర్టీజీఎస్ మధ్యస్థమైన దారి. వడగాలులు వీచే మండలాల జాబితాలు వేసవిలో విపత్తుల నిర్వహణ సంస్థ నుంచే వస్తాయి, 1070 రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు. కంప్యూటర్ సైన్స్, గణాంక శాస్త్రం, భూగోళ శాస్త్రం చదివేవారికి ఇక్కడ డేటా దొరుకుతుంది, మనుషులు దొరకరు. జిల్లాలో పనిచేసి వచ్చిన విద్యార్థి అయితే, ఆ జాబితాలో ఒక మండలం పేరు కనిపించినప్పుడు అక్కడి ఉపాధి హామీ కూలీకి ఆ కబురు ఏ గంటకు తెలుస్తుందన్న ప్రశ్న వేయగలడు. నేరుగా వెళ్లినవాడికి అది పట్టికలో ఒక వరుస మాత్రమే.

ఢిల్లీ: మూడు గుమ్మాలు

ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ నడిపే డిజిటల్ ఇండియా ఇంటర్న్‌షిప్ సైబర్ విధానానికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. సమాచార సాంకేతిక చట్టం 2000, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఈ శాఖ చూసేవే. సైబర్ ఘటనలకు జాతీయ సంస్థ అయిన సెర్ట్-ఇన్ కూడా దీని కిందే ఉంది. 60 శాతం మార్కుల నిబంధన మన విద్యార్థుల్లో ఎక్కువమందికి అందుబాటులో ఉన్నదే. అందుకే పోటీ కూడా ఎక్కువ. దరఖాస్తులో పెట్టే ఉద్దేశ పత్రంలో అందరూ డిజిటల్ ఇండియా గొప్పదనం గురించే రాస్తారు. దానికి బదులు ఒక నిబంధనను మన ఊరికి తెచ్చి పరీక్షించండి. ఉదాహరణకు, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సంస్థలు తెలియజేయాలి, లాగ్‌లను, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో చూపే నమోదులను, 180 రోజులు భద్రపరచాలి. కంప్యూటర్లు చూసేందుకు ఒకే ఒక్క ఉద్యోగి ఉన్న ఆసుపత్రో, పురపాలక కార్యాలయమో దీన్ని ఎలా పాటిస్తుంది, రాత్రి 11 గంటలకు దాడి జరిగితే 6 గంటల లెక్క ఎప్పుడు మొదలవుతుంది అని రెండు పేజీలు రాస్తే, చదివే అధికారి అక్కడ ఆగుతాడు.

నీతి ఆయోగ్‌కు ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ వరకు దరఖాస్తులు తీసుకుంటారు. కాలం మీ చేతిలో ఉండటం దీని బలం. స్టైపెండ్ లేకపోవడం బలహీనత. ల్యాప్‌టాప్ కూడా మీదే తీసుకెళ్లాలి. ఇంటర్‌లో 85 శాతం అంటే 1000కి 850. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ వంటి చోట రెండేళ్ల పీయూసీ చేసినవారు గ్రేడ్లను శాతంలోకి మార్చిన ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకోవాలి. పాలిటెక్నిక్ నుంచి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవారికి 12వ తరగతి మార్కులే ఉండవు కనుక, వారు డిప్లొమా సమానత్వం గురించి ముందుగా రాతపూర్వకంగా అడగడం మంచిది. ఇక్కడ విషయాలు విస్తృతం. సైబర్ భద్రతే కావాలని పట్టుబట్టేవారికి నిరాశ కలగవచ్చు.

విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌ను మన ప్రాంతంవారు తమది కాదనుకుంటారు. ఆ శాఖలో సైబర్ దౌత్యానికి ప్రత్యేక విభాగం ఉంది, స్టైపెండ్‌తో పాటు విమాన ఛార్జీ ఇస్తారు, ఎంపికలో ఆకాంక్షిత జిల్లాల (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాల) అభ్యర్థులకు ప్రాధాన్యం ఉంది. 2018 నాటి ఆ జాబితాలో రాష్ట్రం నుంచి ఉన్న మూడు జిల్లాల్లో పాత విజయనగరం ఒకటి. 2022లో జిల్లాలు విడిపోయి పార్వతీపురం మన్యం ఏర్పడింది కాబట్టి, మీ నివాస ధ్రువపత్రం ఏ జిల్లా కింద వస్తుందో, ఆ విడత ప్రకటన ఏ జాబితాను అనుసరిస్తుందో సరిచూసుకోండి. అయితే ఏ విభాగంలో వేస్తారన్నది మీ చేతిలో ఉండదు, చేసిన పని బయటికి రాదు. సివిల్ సర్వీసుల వైపు చూసేవారికి ఇది నచ్చుతుంది. ఉద్యోగం కోసం చూపించే పని కావాలనుకునేవారికి నచ్చదు.

ఖర్చు సంగతి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. ఢిల్లీలో పేయింగ్ గెస్ట్ గది, భోజనం, మెట్రో కలిపితే పది వేల స్టైపెండ్ సరిపోవడమే గగనం. నీతి ఆయోగ్ అయితే పూర్తిగా ఇంటి డబ్బే. విజయనగరం మీదుగా వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ టికెట్ చౌక కావచ్చు గాని అసలు ఖర్చు దిగిన తర్వాతే మొదలవుతుంది. అప్పు చేసి ఆరు వారాల ఢిల్లీకి వెళ్లడం కంటే, ఆ డబ్బుతో ఒక సెమిస్టర్ జిల్లాలో నిలకడగా పనిచేయడం మేలని నా అభిప్రాయం. బంధువులో, సీనియర్లో అక్కడ ఉండి వసతి కుదిరితే లెక్క మారుతుంది.

మిగిలినవి క్లుప్తంగా

గురుగ్రామ్ పోలీసులు ఏటా వేసవిలో నెల రోజుల సైబర్ భద్రత ఇంటర్న్‌షిప్ నిర్వహిస్తారు. విధానం కాదు, నేర పరిశోధన పరిచయం కావలసినవారికి ఇది మంచిది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన సీ-డ్యాక్ హైదరాబాద్ కేంద్రం సమాచార భద్రత అవగాహనలో ఎప్పటినుంచో పనిచేస్తోంది. సీ-డాట్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు తగిన చోటు. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగిన అత్యవసర హెచ్చరిక పరీక్షల వెనుక సాంకేతికత దానిదే. టెలికాం శాఖ సంచార్ మిత్ర, హోం శాఖ సైబర్ వాలంటీర్ కార్యక్రమం స్వచ్ఛంద సేవలు. క్రెడిట్లకు పనికొస్తాయో లేదో కళాశాలను అడిగాకే చేరండి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని చాలామంది వీటితో కలిపేస్తున్నారు. అది కంపెనీల్లో చేసేది, మొదలైనప్పటి నిబంధనల ప్రకారం ఏడాది పాటు సాగేది, పూర్తికాలం చదువుతున్నవారికి వర్తించేది కాదు.

ఎవరికి ఏది

రెండో సంవత్సరం డిగ్రీ విద్యార్థి ఢిల్లీ గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునే హెచ్చరికల మీదో 1930 మీదో చేసి, ఆ నివేదికతో తర్వాతి ఏడాది పైకి దరఖాస్తు చేయడం సరైన వరుస. న్యాయ విద్యార్థి నేరుగా మంత్రిత్వ శాఖకు ప్రయత్నించవచ్చు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లోని 20వ సెక్షన్ అత్యవసర సమయాల్లో టెలికాం సేవలను స్వాధీనం చేసుకొనే, నిలిపివేసే అధికారాల గురించి చెబుతుంది. దాని మీద ఒక మంచి నోట్ చేతిలో ఉంటే దరఖాస్తు బలపడుతుంది. బీటెక్ మూడో సంవత్సరంవారు తాము రాయగలరా, కోడ్ మాత్రమే చేయగలరా అన్నది నిజాయితీగా తేల్చుకోవాలి. రెండోదైతే రాష్ట్ర సంస్థలు, సీ-డ్యాక్, సీ-డాట్ నయం. చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్‌కే కేటాయించాల్సినవారికి రెండు నెలల ఢిల్లీ పథకం ఒక్కటే సరిపోదు. దానికి ముందో వెనుకో జిల్లా పనిని జోడించి, ఒకే అంశంపై కొనసాగిస్తున్నట్టు గైడ్ చేత రాయించుకోవాలి.

దరఖాస్తుకు ముందు

ప్రభుత్వ ఇంటర్న్‌షిప్ పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవారిని నమ్మవద్దు. వెబ్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ లేదా నిక్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. మన ప్రాంత యువకులకు వచ్చే ఆకర్షణీయమైన ఆఫర్లను రెండుసార్లు చూడటానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

జిల్లా కార్యాలయానికి వెళ్లేటప్పుడు ప్రిన్సిపాల్ లేఖ, బోనఫైడ్, మార్కుల జాబితా, ఒక పేజీ పని ప్రతిపాదన పెట్టుకోండి. ఆ ప్రతిపాదనలో ఏ సమాచారం అడగరో కూడా రాయండి. బాధితుల పేర్లు, కేసు కాగితాలు అక్కరలేదని ముందే చెబితే అధికారికి సగం భయం పోతుంది. సోమవారం వెళ్లవద్దు, ఆరోజు కలెక్టరేట్‌లోను, ఎస్పీ కార్యాలయంలోను ఫిర్యాదుల స్వీకరణ ఉంటుంది, మీ లేఖ అర్జీల కట్టలో కలిసిపోతుంది. టపా సెక్షన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకొని, నంబరు రాసుకోండి. వారం తర్వాత ఆ నంబరు చెప్పి అడిగితే ఫైలు ఎవరి బల్ల మీద ఉందో తెలుస్తుంది.